గడప తొక్కని జనం, భూషణం లెక్క

కిరండూల్‌లో ఏ వస్తువైనా పాడైతే జనానికి రెండు దారులుండేవి. ఒకటి, దాన్ని పారేయడం. రెండోది, భూషణానికి ఓసారి చూపించి, ఆ తర్వాత పారేయడం. రెండో దారిలో వస్తువుతోపాటు ఒక పూట కూడా పోయేది గానీ, ఆ పూట మాత్రం బాగా గడిచేది. రేడియో విప్పి లోపలి ముక్కలను దినపత్రిక మీద పరిచి, ఒక్కొక్కదాన్నీ కొత్త కోడలిని పరిచయం చేసినట్టు చెప్పేవాడు. చెప్పడమే గానీ తిరిగి బిగించడం ఆయనకంత ఇష్టముండేది కాదు.

కొండ మీది గని నుంచి ఇనుపరాయిని కిందికి దించే బెల్టుల సెక్షన్‌లో భూషణం ఎలక్ట్రీషియన్. విజయనగరం దగ్గర పల్లె నుంచి, రైలు మార్గం వేసిన కొత్తలో, రాష్ట్రం దాటి వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. ఈ కథ నాటికి ఆయనింకా తాత కాలేదు గానీ తాత బుద్ధులన్నీ ముందే వచ్చేశాయి. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికేవాడు. స్క్రూడ్రైవర్‌తో వీపు గోక్కునేవాడు. నూకాలమ్మ ఏదైనా అడిగితే, అడిగింది తప్ప మిగతావన్నీ చెప్పేవాడు.

నూకాలమ్మ ఆయన భార్య. ఊళ్ళో ఆమెకో పదవి ఉండేది. అది ఏ ఎన్నికలోనూ గెలిచింది కాదు, ఏ సాబూ సంతకం పెట్టి ఇచ్చిందీ కాదు. ఉగాదికి ముందు రోజు, కొత్తమావాస్యనాడు, కాలనీలోని ఆంధ్రావాళ్ళంతా కలిసి నూకాలమ్మ అమ్మవారికి జాతర చేసేవాళ్ళు. ఆ రోజు కాలనీ హాల్లో అమ్మవారి ఘటం నిలబెట్టి, వచ్చినవాళ్ళందరికీ భోజనం పెట్టేవాళ్ళు. ఆ వంట గరిటె నూకాలమ్మది. అమ్మవారి పేరే తనదీ కావడంతో, ఆ గరిటె తనకు పైనుంచే వచ్చిందని ఆమె గట్టి నమ్మకం.

అయితే అంతకు ముందరి యేడు గరిటె పరువు పోయింది. రైల్వే గ్యాంగువాళ్ళూ గని షిఫ్టువాళ్ళూ ఒక్కసారే దిగిపోయారు. వెనక గాడిపొయ్యి దగ్గరున్న నూకాలమ్మకు ముందున్న జనం కనబడరు కదా. ఆఖరి బంతిలో కూర్చున్నవాళ్ళ విస్తళ్ళలో ఆవకాయ ముక్క ఒక్కటే ఎర్రగా మెరిసింది. ఆ బంతిలోనే జాతర కమిటీ సెక్రటరీ జయరావు కూడా ఉన్నాడు. రైల్లో గార్డు ఉద్యోగం. ఆకలికి అస్సలు ఆగలేని మనిషి.

ఈ యేడు జాతరకు నెలరోజుల ముందే జయరావు భూషణం ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"వదినా, కోపం తెచ్చుకోకు. జగ్దల్‌పూర్‌లో వంటల కాంట్రాక్టరున్నాడట. టోపీలెట్టుకుని మరీ వడ్డిస్తారట."

"టోపీలెట్టుకుంటే కూర రుసి పెరుగుద్దేటి?" అంది నూకాలమ్మ.

"రుసి సంగతి కాదొదినా. పోయినేడు నాకు అన్నం అందలేదు. అందరూ ఊరుకున్నా నా కడుపు ఊరుకోదు. ఈ యేడు ఆఖరి మనిషి దాకా అన్నం అందాల. అలాగని గంపలకి గంపలు పారబోసినా కుదర్దు. ఈ రెంటిలో ఏది జరిగినా వచ్చేయేడు గరిటె జగ్దల్‌పూర్ ఎల్లిపోద్ది. కమిటీ మాట ఇది, నాది కాదు."

కమిటీ అంటే జయరావూ, జయరావు బావమరిదీ, జయరావు మాటకు తలూపే మరో ఇద్దరు. ఆయన వెళ్ళాక నూకాలమ్మ చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది. ఆమె మాట్లాడకపోవడమంటే, ఆ ఇంట్లో కరెంటు పోయినదానితో సమానం. భూషణానికి అది భరించరానిది.

"నూకాలూ, నువ్వు బెంగెట్టుకోకు. జనాన్ని లెక్కెట్టే యంత్రం నేను సేస్తాను," అన్నాడు.

నూకాలమ్మ బెంగ అప్పుడే నిజంగా మొదలైంది.

*

ఆయన ధైర్యానికి ఒక కారణముంది. అంతకు కొన్నాళ్ళ ముందు గని శిక్షణ గదిలో ఇంజినీర్లకు మైక్రోకంట్రోలర్ల మీద, అంటే యంత్రాలను నడిపించే చిప్పుల మీద, క్లాసులు జరిగాయి. గదిలో ఫ్యాను తిరగడం లేదని భూషణాన్ని పంపారు. ఆయన నిచ్చెన ఎక్కాడు. ఫ్యాను మరమ్మతుకు పది నిమిషాలు పట్టింది. క్లాసు మూడు రోజులు నడిచింది. భూషణం ఆ మూడు రోజులూ నిచ్చెన దిగలేదు. ఫ్యాను రెక్క తుడుస్తూనే పైనుంచి పాఠమంతా విన్నాడు. ఆఖరి రోజున పాఠం చెప్పే ఆయన "ఏమైనా సందేహాలున్నాయా?" అని హిందీలో అడిగితే, మొదటి సందేహం సీలింగు నుంచి వచ్చింది. క్లాసంతా పకపకా నవ్వింది. ఒక కుర్ర ఇంజినీరు మాత్రం ముచ్చటపడి, "భూషణ్ దాదా, నువ్వు ప్రోగ్రాము కాగితం మీద రాసి తే, నేను చిప్పులోకి ఎక్కించి ఇస్తాను," అని మాటిచ్చాడు.

అలా వైజాగ్ నుంచి రైల్లో అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగున్న నల్లటి చిప్పు ఒకటి వచ్చింది. రెండు వైపులా కాళ్ళు. అచ్చం జెర్రిలా ఉంది. నూకాలమ్మ దాన్ని చూసి చీపురు తెచ్చింది.

"ఓసి, కొట్టకు! ఇందులో రెండు కుండలున్నాయి," అన్నాడు భూషణం.

"ఇందులోనా?"

"మాటకి సెప్తన్నాను. ఇనుకో. కింద కుండలో రెండొందల యాభై అయిదు గ్లాసులు పడతాయి. ఇంకో గ్లాసు పోస్తే పొర్లిపోయి, కుండ ఖాళీ. పొర్లినప్పుడల్లా మనకి కూత ఇనపడుద్ది. గుమ్మంలోకి మనిషొచ్చినప్పుడల్లా ఓ గ్లాసు పడుద్దనుకో."

"అయితే రెండొందల యాభై ఆరు మందొస్తే గానీ కూయదా? నా గుండిగ ఒకటి యాభై మందికే సరిపోద్ది."

"అదే మరి కిటుకు!" భూషణం మొహం వెలిగిపోయింది. భార్య సరైన ప్రశ్న అడగడం ఆయన జీవితంలో అరుదైన సుఖం. "కుండలో ముందే రెండొందల ఆరు గ్లాసులు పోసి ఉంచుతాను. మిగిలిన సోటు నలభై తొమ్మిదికే. యాభయ్యో మనిషి రాగానే పొర్లుద్ది, కూత పడుద్ది."

నూకాలమ్మ చీపురు పక్కన పెట్టింది. "దానికన్నా యాభై గ్లాసుల సిన్న కుండ తెచ్చుకోవచ్చు కదా?"

"కంపినీవోడు ఒకటే సైజు కుండ సేస్తాడే," అన్నాడు భూషణం.

"సరే, పొర్లిపోయాక మళ్ళీ ఆ రెండొందల ఆరూ ఎవరు పోస్తారు? నువ్వా?"

"నేనక్కర్లేదు. పైన రెండో కుండ ఉంది సూడు. అందులో రెండొందల ఆరు అనే గుర్తు ఉంటాది. కిందది పొర్లగానే పైదాన్ని సూసి అంత నీరు దానంతటదే నిండిపోద్ది. దీన్నే ఆటో రీలోడు అంటారు. పై కుండలో నీళ్ళు మాత్రం సుక్క కూడా తరగవు."

"తరగని కుండ నీ దగ్గరుంచుకుని, ఇన్నేళ్ళూ నన్ను కొళాయి కాడ లైన్లో నిలబెట్టావా?" అని నూకాలమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

కూత కోసం భూషణం పక్కూరు బచేలీలోని పాత ఇనుము దుకాణంలో ఒక హూటరు కొన్నాడు. గనిలో బెల్టు కదిలే ముందు మోగే రకం. అది మోగిందంటే బెల్టు సెక్షన్‌వాళ్ళు నిద్రలో ఉన్నా రెండడుగులు వెనక్కి గెంతుతారు. "చిన్న గంట చాలదా?" అని నూకాలమ్మ అడిగితే, "జాతరనాటి తప్పెటగుళ్ళ మోతలో గంట నీకినపడుద్దా?" అన్నాడు. ఆ మాట నిజమే.

మొదటి పరీక్ష ఇంటి వరండాలో జరిగింది. భూషణం తీగ కలిపాడు. ఎవరూ గుమ్మంలోకి రాలేదు, పోలేదు. అయినా హూటరు ఆగకుండా ఊళ పెట్టింది. పక్క క్వార్టర్ల నుంచి ముగ్గురు బెల్టు మనుషులు లుంగీలతో బయటికి గెంతారు. కుక్కలన్నీ శ్రుతి కలిపాయి.

"ఎవులూ రాకుండానే ఊరంతా వచ్చీసినట్టు అరుస్తాదేటయ్యా!" అని నూకాలమ్మ చెవులు మూసుకుంది.

భూషణం తీగ పీకి, తను రాసిన ప్రోగ్రాము కాగితం తీసి, వేలితో వరస వరసగా చూసుకున్నాడు. ఒక్క అంకె దగ్గర వేలు ఆగింది. సున్నా రాసిన చోట ఒకటి రాయాలి. సున్నా రాస్తే అది టైమరు. అంటే చిప్పు బయటి మనుషులను పట్టించుకోదు, తన గుండె చప్పుడే తాను లెక్కపెట్టుకుంటుంది. దాని గుండె రెప్పపాటులో లక్షసార్లు కొట్టుకుంటుంది. యాభైకోసారి కూయమంటే ఇక ఊపిరి తీసుకునేదెప్పుడు? ఒకటి రాస్తే అది కౌంటరు. అప్పుడు తన గుండెను వదిలేసి, బయటినుంచి తలుపు తట్టిన వాళ్ళనే లెక్కపెడుతుంది. కుండ అదే, పొర్లడం అదే. నీళ్ళు ఏ కొళాయి నుంచి వస్తున్నాయన్నదే తేడా.

"అంటే అది కూడా నీలాగే అన్నమాట. బయట ఏటవుతుందో సూడకుండా దాని గోల దానిదే," అంది నూకాలమ్మ.

కుర్ర ఇంజినీరు చేతుల్లో చిప్పులోని అంకె మారింది. రెండో పరీక్ష జాతర జరిగే హాల్లోనే పెట్టాడు. హాలు గుమ్మానికి కొత్త కర్రచెక్క ఒకటి గడపలా అమర్చి, దాని కింద నొక్కితే కలిసే స్విచ్చు దాచాడు. గనిలో బెల్టు పక్కన ఇలాంటి స్విచ్చులు వందల్లో బిగించిన చేయి. చెక్క మీద కాలు పడితే కిందికి దిగుతుంది, తీస్తే లేస్తుంది. ఒక్కో కాలికి ఒక్కో లెక్క.

నూకాలమ్మకు వంటలో సాయం చేసే ఇర్మె అప్పుడే కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చింది. దగ్గరి గోండు పల్లె ఆమెది. నాలుగు భాషలూ కలిపి, ఏ ఒక్కదాన్నీ చిన్నబుచ్చకుండా మాట్లాడేది. మోపు బరువుకు కింద ఏముందో కనబడక చెక్క మీద కాలేసి లోపలికి నడిచింది. నాలుగైదు మోపులు దించేసరికే హూటరు మోగింది.

"నేనొక్కదాన్నే కదా దాదా, యాభై మంది ఎట్లయిన?" అని ఇర్మె ఆశ్చర్యపోయింది.

స్విచ్చు కలిసేటప్పుడు లోపలి రేకు నేల మీద వేసిన చేపలా నాలుగైదుసార్లు ఎగిరెగిరి పడుతుంది. చిప్పుకు ఓపిక ఎక్కువ, ఒక్కో ఎగురునూ ఒక్కో మనిషిగా రాసుకుంది. భూషణం ఆ ఎగురుళ్ళను మింగేసే చిన్న కెపాసిటర్ ఒకటి అతికించాడు.

"ఆగు, ఇప్పుడు నువ్వు ఒక్కదానివే," అన్నాడు ఇర్మెతో.

"అయ్యో, యాభై మంది తిండి పెడ్తరనుకున్న," అంది ఇర్మె.

ఆ సాయంత్రమంతా ఇర్మె కట్టెలు మోసింది, భూషణం లెక్కపెట్టాడు. సరిగ్గా యాభైకోసారి హూటరు మోగింది. భూషణం ఆనందానికి మేర లేదు. తీగలను గొట్టాల్లో పెట్టి, ఎలుక కూడా కొరకలేకుండా సిమెంటు చేశాడు. చిప్పున్న పెట్టెను, బ్యాటరీతో సహా, హాలు మధ్య అమ్మవారి పీట కిందికి తోసి మేకులు కొట్టేశాడు. అంతకన్నా భద్రమైన చోటు కిరండూల్‌లో ఇంకెక్కడుంటుంది? హూటరును రేకుల కప్పు కొనకు ఎక్కించాడు.

ఏర్పాటు సులువు. హూటరు ఒకసారి కూస్తే ఇర్మె, తోటి ఆడవాళ్ళు ఒక గంప బియ్యం కడిగి నానబెట్టాలి. ముందు నానినది ముందుగా నూకాలమ్మ గుండిగలోకి పోతుంది. జనం వచ్చిన కొద్దీ అన్నం. తక్కువ కాదు, ఎక్కువ కాదు.

*

జాతరనాడు తెల్లవారకముందే నూకాలమ్మ స్నానం చేసి హాలుకు వెళ్ళింది. మామిడాకులు కట్టింది. ఘటం పీట మీదికి వచ్చింది, దీపం వెలిగింది. ఇక దీపం కొండెక్కే దాకా ఆ పీటను కదపకూడదు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆమెకు కొత్త చెక్క బోసిగా కనబడింది. అమ్మవారి గుమ్మం అలా ఉంటే ఎలా? నిండా పసుపు రాసి, వరసగా కుంకుమ బొట్లు పెట్టి, రెండు కొసలా పూలుంచింది. పని ముగించి, కళ్ళకద్దుకుని, జాగ్రత్తగా దాటి, వెనక గాడిపొయ్యి దగ్గరికి వెళ్ళింది.

భూషణం ఆ గుమ్మం పక్కనే నిలబడి ఆమెను చూశాడు. ఎంత బాగా పెట్టిందో అనుకున్నాడు. తన యాభై యేళ్ళ బతుకులో పసుపు రాసిన గడపను ఒక్కసారి కూడా తొక్కి ఎరగడు. అయినా ఆ బుర్రకు ఆ క్షణాన ఏమీ తట్టలేదు. గనికి వెళ్ళే భూషణం, గడప దాటే భూషణం ఒకరికొకరు పరిచయం లేని మనుషులు మరి.

మధ్యాహ్నానికి జనం మొదలయ్యారు. భూషణం లోపల విస్తళ్ళు వేయిస్తూ ఒక చెవి కప్పు వైపు ఉంచాడు. కూత లేదు. మొదటి బంతి కూర్చుంది. కూత లేదు. "ఈ యేడు జనం పలచగా ఉన్నారు," అనుకున్నాడు. హాలు కిటకిటలాడుతోంది. జనం మోచేతులు ఆయన పక్కటెముకలకు తగులుతున్నాయి. అయినా యంత్రం రాలేదని చెప్పిన జనం వచ్చారని ఆయన ఎలా నమ్ముతాడు?

వెనక ముందుగా వండిన గుండిగలు అడుగంటాయి. నూకాలమ్మ గరిటె పట్టుకుని కప్పు వైపు చూస్తోంది. ఇర్మె ఖాళీ గంప పక్కన కూర్చుంది.

"దీదీ, మంది మస్తు ఉన్నరు. చప్పుడు ఇనొస్తంది గదా," అంది.

"మీ దాదా కూత పడనీ," అంది నూకాలమ్మ. మొగుడి మాట ఆమె నమ్మిన రోజులు వేళ్ళ మీద లెక్కించవచ్చు. ఆ రోజు వాటిలో ఒకటి.

అంతలో జయరావు వెనక తలుపు దగ్గరికొచ్చాడు. "వదినా, రెండో బంతి కూకుంది. వడ్డించేవోళ్ళు ఉత్త గిన్నెలట్టుకుని తిరగతన్నారు. నాకెందుకో జగ్దల్‌పూర్ టోపీలు కళ్ళ ముందు ఆడతన్నాయి."

నూకాలమ్మ ఇక కూత కోసం ఆగలేదు. "ఇర్మే, రెండు గంపలు కడిగీ!" అని అరిచి, భర్త కోసం కబురు పెట్టింది.

కబురు అందేసరికి భూషణం గుమ్మం దగ్గరే ఉన్నాడు. అప్పటికి ఆయన కళ్ళు తెరుచుకున్నాయి. వచ్చినవాడల్లా గడప ముందు ఆగుతున్నాడు, పసుపు చూస్తున్నాడు, పంచె పైకెత్తి అంగ వేసి దాటుతున్నాడు. పిల్లలు గెంతుతున్నారు. ఒక ముసలమ్మ కాలు పైకి లేవకపోతే ఇద్దరు మనవలు రెండు రెక్కలూ పట్టుకుని గడప తగలకుండా ఎత్తి అవతల దించారు. ఒక్క కాలు కూడా చెక్క మీద పడటం లేదు. చిప్పు దృష్టిలో ఆ హాల్లో ఇంతవరకు నరమానవుడు లేడు.

భూషణం తల పట్టుకున్నాడు. తర్వాత ఆయనకో ఉపాయం తట్టింది. ఆయనకు ఉపాయం తట్టడం ఎప్పుడూ ఊరికి మంచిది కాదు. గడప పక్కన గొంతుక్కూర్చుని, మనిషి దాటినప్పుడల్లా అరచేత్తో చెక్కను ఒకసారి నొక్కడం మొదలుపెట్టాడు. నొక్కు, ఒకటి. నొక్కు, రెండు. తల వంచి, పెదాలు కదుపుతూ, ఎంతో శ్రద్ధగా.

మనవలు మోసుకొచ్చిన ముసలమ్మ వెనక్కి తిరిగి చూసింది. బల్బు మార్చడానికి తప్ప గుడి గుమ్మం ఎక్కని భూషణం, అమ్మవారి గడపకు అదే పనిగా మొక్కుతున్నాడు, పెదాలు కదుపుతూ ఏదో జపం కూడా చేస్తున్నాడు. ఆమె కళ్ళు చెమర్చాయి.

"సూడండ్రా! యంత్రాలోడికి కూడా అమ్మ బుద్ధి ఇచ్చింది. మీకేటి రోగం? గడపకి మొక్కకుండా దూసుకుపోతన్నారు!"

ఆ గొంతు ఆ వయసులో కూడా హూటరుకు తీసిపోయేది కాదు. అంతే. బయట వరసలో ఉన్నవాళ్ళు వంగి గడప తాకి కళ్ళకద్దుకున్నారు. కొందరు కుడిచేత్తో ఓసారి, ఎడమచేత్తో ఓసారి. తల్లులు చంటిపిల్లల చేతులు పట్టి తాకించారు. తిని వెళ్ళిపోతున్నవాళ్ళు, లోపలికి వచ్చేటప్పుడు మొక్కలేదే అని, ఆ బాకీ కూడా కలిపి మొక్కారు.

హూటరు కూసింది. బెల్టు సెక్షన్‌వాళ్ళు విస్తళ్ళ ముందు నుంచి ఒక్కసారి లేచి వెనక్కి గెంతారు. పప్పు వడ్డించేవాడు వాళ్ళ మీద పడ్డాడు. వాళ్ళు సర్దుకుని కూర్చునేలోగా మళ్ళీ కూసింది. వెనక నుంచి ఇర్మె గొంతు, "ఇంకో గంప!" మరో కూత. "ఇంకో గంప!"

భూషణం లేచి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ముట్టుకోకండి! బాబూ, గడప ముట్టుకోకండి!"

వరసలో ముందున్న గ్యాంగుమన్ తల పైకెత్తాడు. అతని మొహంలో నవ్వు పోయింది. "ఏటన్నా? నువ్వు ముట్టుకోవచ్చు గానీ, మేం ముట్టుకుంటే అమ్మ మైలపడిపోద్దా?"

వెనక వరస గుసగుసలాడింది. భూషణం అడ్డం పెట్టిన చేతులు జోడించాడు. "అయ్యో, ఆ మాట కాదురా తండ్రీ! నువ్వు మొక్కితే ఎనకాల బియ్యం నానిపోతన్నాయి!"

ఈ మాటకు ఏ భాషలోనూ అర్థం లేదు. గ్యాంగుమన్ ఆయన వైపు జాలిగా చూసి, వంగి, కావాలని రెండుసార్లు మొక్కాడు. మళ్ళీ కూత.

పెట్టె తీద్దామా అంటే అమ్మవారి పీట కింద ఉంది. పైన దీపం వెలుగుతోంది. తీగ కోద్దామా అంటే సిమెంటులో ఉంది, అది కూడా ఆయన చేతి పనే. నిచ్చెన తెచ్చి రేకులెక్కి హూటరు విప్పేలోగా వెనక బస్తాలన్నీ ఖాళీ. ఆయనకు తట్టినది ఒక్కటే. చెక్కను నొక్కి వదిలి మళ్ళీ నొక్కితేనే చిప్పు ఇంకొకరిని లెక్కపెడుతుంది. నొక్కి అలాగే ఉంచితే దానికి ఎంతసేపైనా ఒక్కడే.

భూషణం అమ్మవారి వైపు తిరిగి దండం పెట్టి, పసుపు రాసిన గడప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

హూటరు ఆగిపోయింది. దానితోపాటు తప్పెటగుళ్ళు కూడా ఆగిపోయాయి.

*

"గడప మీద కూకున్నాడు!" ముసలమ్మ గుండెలు బాదుకుంది. "ఇందాకే బుద్ధొచ్చిందన్నాను, అప్పుడే పోనాదా?"

జయరావు పరుగున వచ్చాడు. "భూషణం అన్నా, లెగు! కమిటీ సెక్రటరీగా సెప్తన్నాను, లెగు!"

"లేస్తే మీ వదిన గరిటె పోద్దిరా," అన్నాడు భూషణం. కదల్లేదు.

నూకాలమ్మ చేతిలో తెడ్డుతో, నుదుటి మీద మసితో, జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మొగుడి పంట్లాం నిండా తను రాసిన పసుపు, తను పెట్టిన బొట్లు. ఆమె నోరు తెరిచేలోగా ఆయనే చెప్పేశాడు. "తప్పైపోనాదే. మొదట ఎవులూ తొక్కలేదు. తర్వాత అందరూ మొక్కేశారు. నేను లేస్తే మళ్ళీ మొక్కుతారు. గంపలు ఎన్ని నానబెట్టారు?"

"ఆరేడు నానబెట్టీసారు. పొయ్యి మీద రెండే ఉన్నాయి."

"నానినవి నాననీ. పొయ్యి మీదకి ఎక్కించకు."

నూకాలమ్మ తలెత్తి బయటికి చూసింది. ఇన్నేళ్ళలో జాతరనాడు ఈ గుమ్మం నుంచి జనాన్ని చూడటం ఆమెకు అదే మొదటిసారి. వరస రోడ్డు దాకా ఉంది. అందరూ నిలబడే ఉన్నారు, ఒక్కరూ లోపలికి రావడం లేదు. ఎలా వస్తారు? గడప తొక్కకూడదు సరే, కూర్చున్న మనిషిని దాటడం అంతకన్నా తప్పు. భూషణం అక్కడ ఉన్నంతసేపు ఆ గుమ్మం మూసిన గుమ్మమే. పొయ్యి మీద రెండు గుండిగలు ఉడుకుతున్నాయి. అవి దిగడానికి కావలసింది కాస్త సమయం. ఆ సమయం ఇదిగో, పంట్లాం వేసుకుని గడప మీద కూర్చుంది.

ఆమె మొహం మారింది.

"లేవకు," అంది.

"ఏటి?"

"అక్కడే కూకో. నేను కేకేసినప్పుడు పక్కకి ఒరిగి యాభై మందిని లోనికొదులు. కాలు మాత్రం గడప మీంచి తీయకు. యాభయ్యోడు రాగానే మళ్ళీ కూకో. లెక్కెట్టగలవా, దానికి కూడా యంత్రం కావాలా?"

"ఎట్టగలను," అన్నాడు భూషణం బుద్ధిగా.

"వదినా, జనం ఏటనుకుంటారు?" అన్నాడు జయరావు.

"ఆకలేస్తే ఏటీ అనుకోరు. నువ్వెల్లి ఆ వరసలో నిలబడు. పోయినేడు ఆఖర్లో కూకున్నావు కదా, ఈ యేడు కూడా ఆఖర్లోనే కూకో. అన్నం అందిందో లేదో నీ కడుపే సెప్పుద్ది."

ఇక ఆ మధ్యాహ్నమంతా అలాగే నడిచింది. వెనక నుంచి "వదులూ!" అని కేక. భూషణం ఒక కాలు గడప మీద అదిమి పెట్టి పక్కకు ఒరిగేవాడు. జనం ఆయన మోకాలికి తగలకుండా ఒకరి తర్వాత ఒకరు దాటేవాళ్ళు, ఆయన వేళ్ళు మడిచేవాడు. యాభై కాగానే మళ్ళీ కూర్చునేవాడు. వరసలో నిలబడ్డవాళ్ళు ఊరుకుంటారా?

"భూషణం అన్నా, గుడ్లెప్పుడు పొదుగుతాయి?"

"అన్నా, నీ మీద కూడా పసుపు రాసీమంటావా?"

"ఒరే, ఇదేరా వైజాగ్ నుంచొచ్చిన కొత్త యంత్రం. తిండెట్టకుండానే పన్జేస్తాది!"

ఆఖరి మాట నిజం. ఆయన ఉదయం నుంచి ఏమీ తినలేదు. ఇర్మె విస్తరిలో అన్నం పెట్టుకొచ్చి ఇస్తే, "గడప మీద కూర్చున్న పాపం ఒకటి చాలు, గడప మీద తిన్న పాపం కూడా ఎందుకు?" అని వెనక్కి పంపాడు. చేత మాత్రం ఒక అప్పడం ఉంచుకున్నాడు. అప్పడానికి పాపం అంటదని ఆయన లెక్క.

సాయంత్రం ఆఖరి బంతి లేచింది. అందులో ఆఖరి విస్తరి జయరావుది. పప్పు, పులుసు, రెండోసారి అన్నం, మూడోసారి అన్నం, ఆఖర్న పెరుగు. వాళ్ళు లేచాక గుండిగలో అడుగున మాడుచెక్క మాత్రమే మిగిలింది. దాని కోసం పిల్లలు కొట్టుకున్నారు.

జయరావు చెయ్యి కడుక్కుని, నెమ్మదిగా వెనకవైపు వచ్చి, నానిన బియ్యం గంపల ముందు ఆగాడు. ఆయన మొహం కాస్త వెలిగింది. "మరిదేటొదినా? ఎక్కువైనా కుదర్దన్నాం కదా."

"వండినది ఎక్కువైతే తప్పు. నానినది కాదు. రాత్రికి పిండి రుబ్బితే రేపు ఉగాది పచ్చడితోపాటు కాలనీ అంతటికీ అట్లు. ప్రమీలారాణి గ్రైండరు ఇస్తానంది. మొదటి అట్టు ఎవరికి పంపమంటావు, కమిటీకా?"

ప్రమీలారాణి పక్క క్వార్టరు ఆవిడ. చర్చికి వెళ్ళే మనిషి అయినా జాతర భోజనం ఏ యేడూ వదులుకోలేదు. "రెండు గ్రైండర్లు, అన్నయ్యా. ఒకటి మా ఆడపడుచుది," అంది విస్తళ్ళు ఎత్తుతూ.

జయరావు గంపల వైపు చూశాడు, తన కడుపు వైపు చూసుకున్నాడు. కడుపు ఎప్పుడో తీర్మానం చేసేసింది. "సరేలే వదినా. వచ్చేయేడు కూడా గరిటె నీదే. కమిటీ మాట ఇది." కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "కానీ ఆ యంత్రం మాత్రం వద్దు. ఆ కూతకి మీ బెల్టోళ్ళు మూడు విస్తళ్ళు తొక్కీసారు."

"యంత్రం నాకూ వద్దు," అంది నూకాలమ్మ.

భూషణం అప్పుడే గుమ్మం దగ్గర నుంచి కుంటుకుంటూ వచ్చాడు. కాళ్ళు రెండూ తిమ్మిరెక్కాయి. ఈ మాట విని తల దించుకున్నాడు. నూకాలమ్మ పీట వాల్చి, విస్తరి వేసి, ఎప్పుడు దాచిందో ఏమో, మూత పెట్టిన గిన్నె తెరిచి వేడన్నం వడ్డించింది.

"గడప కాడ మనిషి మాత్రం కావాల నాకు. వచ్చేయేడు కూడా," అంది జయరావు వైపు చూస్తూనే. "ముందు రేపు పొద్దున్నే ఆ గడప కడిగి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి తప్పు ఒప్పుకోవాల. అదీ తనే సెయ్యాల."

భూషణం మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండో ముద్ద కలుపుతూ, నడుము సవరించుకుని, చాలా వినయంగా అడిగాడు.

"వచ్చేయేడు కింద ఓ దిండేసుకోవచ్చా?"